నాయనమ్మ నోట రాని పేరు

మా చిన్నప్పుడు నాయనమ్మ నోట ‘కోట’ అన్న మాట పొరపాటున కూడా వచ్చేది కాదు... ఎందుకంటే మా తాతయ్య పేరు కోటయ్య. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఆమె నమ్మకం.

మాదేమో కారంపూడి. వీధికో కోటయ్య, ఇంటికో కోటేశ్వరమ్మ ఉండే ప్రాంతం! అయినా నాయనమ్మ తడుముకునేది కాదు. కోటా బియ్యం ఆమెకు ‘కార్డు బియ్యం’. కోటప్పకొండ ‘సామి కొండ’. పెట్టీకోటు ‘లోలంగా’. పక్కింటి కోటేశ్వరిని ‘చిలకమ్మ’ అని పిలిచేది... ఆ పేరే నిలిచిపోయి, చివరికి ఆ పిల్ల పెళ్ళి శుభలేఖలోకి కూడా ఎక్కింది!

ఒక ఎండాకాలం తాతయ్యకు నరసరావుపేటలో కంటి ఆపరేషన్ చేయించాం. ఒక కంటికి పచ్చగుడ్డ కట్టారు... రెండో కంటి చూపు అంతంతమాత్రం. బస్టాండులో ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, నాయనమ్మ, నేను మంచినీళ్ళకు వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ఆయన లేడు.

వెతికాం... ఎక్కడా లేడు. అటూ ఇటూ బస్సులు రివర్సు అవుతున్నాయి. నాకు ఏడుపు ముంచుకొచ్చి నోట మాట రావడం లేదు. నాయనమ్మ నన్ను లాక్కుంటూ ఎంక్వైరీ గదికి పరుగెత్తింది.

“ఆయన పేరేంది పెద్దమ్మా?” అన్నాడు మైకు దగ్గరున్నతను.

“రాజులు ఉండేది అబ్బాయ్... చుట్టూ పెద్ద గోడ ఉంటది.”

“మేడా?”

“మేడకి ఫిరంగులు పెడతారా ఏంది!”

“ఓహో... కోట! కోటయ్యా?”

“నేనన్లేదు, నువ్వే అన్నావ్. తొందరగా పిలువు నాయనా!”

మైకులో పిలిచాడు... వచ్చారండీ కోటయ్యలు! ఎరువుల బస్తా మోస్తూ ఒకాయన, టీ గ్లాసుతో ఒకాయన, కళ్ళజోడు పెట్టుకున్న కుర్ర కోటయ్య ఒకడు, వెనక ఇంకా కొందరు... మా తాతయ్య మాత్రం రాలేదు.

“చల్లగుండండి నాయనా... మా ఆయన మీలో లేడు” అంది నాయనమ్మ.

అంతలోనే చెంగుతో కళ్ళు తుడుచుకుని మైకు ముందుకు వంగింది. “ఇదుగో... నిన్నేనయ్యా! బస్సులకి అడ్డం రామాక. ఉన్నచోటే నిలబడి చెయ్యెత్తు. నేనే వస్తన్నా!”

వచ్చిన కోటయ్యలంతా వెతుకుతూ తలో దిక్కుకు వెళ్ళారు. కాసేపటికి కుర్ర కోటయ్య కేక... “పెద్దమ్మా! మాచర్ల బస్సుల కాడ ఎత్తాడు చెయ్యి!”

మూత్రానికని లేచి, తిరిగి దారి తెలియక అక్కడ ఆగిపోయాడట.

“మైకులో నీ పేరు చెప్తే రావేంది?” అని నాయనమ్మ గయ్యిమంది.

తాతయ్య తాపీగా అన్నాడు... “చానామంది కోటయ్యలు ఉంటారు గదా, ఎవరినో అనుకున్నా. నువ్వు పిలిచినాక తెలిసింది, నన్నేనని.”

నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది... కారంపూడి వచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు నేను మా ఆయన్ని పేరుపెట్టే పిలుస్తాను. అందులో తప్పేమీ లేదు... ఆయుష్షు తరుగుతుందన్న భయమూ లేదు. కానీ ఈ ప్రపంచంలో ఆయన ఒక్కడికే వినపడే ఒక్క పిలుపైనా నా దగ్గరుందా అని ఆలోచిస్తే... ఏదీ తట్టడం లేదు.

మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఎలా పిలిచేవారు? ఏ మాటను ఏమని మార్చేవారు? గుర్తున్నవాళ్ళు కింద రాయండి... ఆ మాటలు వాళ్ళతోనే పోకూడదు.