అరగని ప్యాడ్లు చూసుకుని మురిసిపోయిన రోజులు

ఆ రోజుల్లో నాకు బండి గురించి తెలియనిది లేదు. ఇప్పుడంటే అనుభవం వచ్చి తెలివి తగ్గిపోయింది కానీ, ఇరవై ఏళ్లప్పుడు విమానం ఎందుకు ఎగురుతుందని అడిగినా నా దగ్గర జవాబు ఉండేది. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ ఇద్దరి ఇష్టం మీదే తెగతెంపులైపోయాక (ఆయన ఆ తర్వాత సుఖంగానే ఉన్నారని విన్నాను), ఒంగోలు దగ్గర మా ఊరి నుంచి చందానగర్‌లో అక్క ఇంటికి వచ్చి పడ్డాను. అక్క అక్కడే ఒక చిన్న నర్సింగ్ హోములో నర్సు. బావ ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టులు చూసుకునేవాడు. నేను వాళ్ల ముందుగదిలో పడుకుని లేచి, బావ బండి మీద హైటెక్ సిటీ ఉద్యోగుల్ని కిరాయికి తిప్పేవాణ్ణి. ఆ అద్దాల మేడల్లోకి నన్నెప్పుడూ రానివ్వలేదు కానీ, లోపలికి వెళ్లే ఇంజనీర్లంతా నా వెనకాలే కదా వచ్చేదని, ఐటీ రంగాన్ని నడుపుతున్నది నేనేనన్న అభిప్రాయంలో ఉండేవాణ్ణి.

నాకు బండి నేర్పింది మా మేనమామ. మామయ్య చదువంతా ఒక్క పాఠమే. కుడిచేతి బ్రేకు జోలికి వెళ్లావంటే ఎగిరి బండి ముందు పడతావు, ఏం చేసినా కాలితోనే చెయ్యి. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆ చేతి బ్రేకు పట్టుకునే ఎగిరి రోడ్డు పక్క ఎండబోసిన మిరపకాయల్లో పడ్డాడట. దెబ్బ మానింది కానీ మంట మానలేదు. అప్పటి నుంచీ మా వంశంలో ముందు బ్రేకు అంటే అద్దాల బీరువాలో పింగాణీ కప్పుల్లాంటిది. ఉంటుంది, వాడరు. బావ బండికి ముందూ వెనకా రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులున్నా నా దృష్టిలో ముందుది షోకు, వెనకది బ్రేకు.

అలా హాయిగా సాగిపోతుండగా బండి కూత పెట్టడం మొదలుపెట్టింది. కాలు వేస్తే చాలు, పీకపిసికిన నెమలిలా కీచుమనేది. మొదట్లో నాకది బాగానే ఉండేది. చందానగర్ మార్కెట్టులో తోపుడుబళ్ల వాళ్లు హారనుకి కదిలేవాళ్లు కాదు, ఈ కూతకి మాత్రం ఉల్లిపాయలతో సహా పక్కకి జరిగేవాళ్లు. కానీ సరిగ్గా అప్పుడే అక్కకి గచ్చిబౌలి వైపు ఒక పెద్ద ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అంతకు ముందొకసారి పిలిస్తే లోకల్ రైలు ఆలస్యమై, తను వెళ్లేసరికి పేర్లు పిలవడం అయిపోయిందన్నారు. రెండోసారి పిలవడమే గొప్ప, మూడోసారి ఉండదు. ఆటోలో వెళ్తానంది అక్క. నేను ఊరుకుంటానా? రోజూ ఊరందరినీ ఆఫీసులకి చేర్చేవాణ్ణి, సొంత అక్కని చేర్చలేనా అని ఛాతీ విరిచాను. అక్క నా ఛాతీ వంక కాకుండా బండి వంక చూసి, "ఆ కూత సంగతి తేల్చు, అప్పుడు ఎక్కుతాను" అంది.

తేల్చడానికి బయలుదేరాను. అక్కడితో నా తెలివికి చెడ్డరోజులు మొదలయ్యాయి. డిస్కుని నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్లు అరిగితే కూత పెడతాయని విన్నాను. అవి ఎంతకాలం వస్తాయని మణికొండ నుంచి ఎక్కిన ఒక సాఫ్టువేరు కుర్రాణ్ణి అడిగితే, పది వేల కిలోమీటర్లని ఫోనులో చూసి చెప్పి, రెండు సిగ్నళ్లు దాటాక ఇంకొకచోట ముప్పై వేలని రాసుందన్నాడు. మరి నావి ఎన్నాళ్లొస్తాయయ్యా అంటే, "డిపెండ్స్ బ్రో" అని దిగిపోయాడు. బావని అడిగితే అన్నం కలుపుకుంటూ, అరగకముందు మారిస్తే దండగ, అరిగాక మారిస్తే ప్రమాదం అన్నాడు. అయితే ఎప్పుడు మార్చాలి బావా అంటే, "సరిగ్గా మధ్యలో" అని మజ్జిగ పోయించుకున్నాడు. రాయదుర్గం మెట్రో కింద టీ బండి దగ్గర మా కిరాయి బండ్ల వాళ్లలో పెద్దవాడొకడుండేవాడు. ప్రతిమాటకీ పరేషాన్ గాకు అనడం చేత అందరం ఆయన్ని పరేషాన్ అన్న అనేవాళ్లం. ఆయన చాయ్ ఊదుకుంటూ చెప్పాడు. "కూత వెడ్తే ప్యాడ్లు మార్చుమని యాద్ చేస్తున్నదని లెక్క. గా కూత బోయి గరగర షురూ అయిందనుకో, ఇగ బండి తీయకు. జర ఒక్కపాలి టార్చ్ కొట్టి చూస్కోరాదు తమ్మి, నన్నెందుకు సతాయిస్తవ్?"

అదీ మాట. ఇన్ని నోళ్లు అడిగేకంటే కళ్లతో చూసుకోవచ్చన్న ఆలోచన నాకు అంతవరకూ రాలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, ప్యాంటు మడత చెడకుండా బండి ముందు గొంతుక్కూర్చుని, ఫోను లైటు వేసి, డిస్కుని అటూ ఇటూ కరిచి పట్టుకునే ఆ ఇనప దవడల్లోకి తొంగిచూశాను. ఆహా. ప్యాడ్లు బిస్కెట్టు బిళ్లల్లా దిట్టంగా ఉన్నాయి. అరుగుదల తెలియడానికి వాటి మధ్య ఒక గాడి పెడతారు, అది చెరిగిపోతే మార్చాలని అర్థం. నావాటికి ఆ గాడి నిన్న గీసినంత లోతుగా ఉంది. అంటే నా డ్రైవింగు అంత సుకుమారమన్నమాట. బావని పిలిచి చూపించాను. పక్కింటాయన్ని పిలిచి చూపించాను. అక్క కూడా వంగి చూసి, బాగానే ఉన్నట్టున్నాయిరా అంది. మరి కూత ఎందుకొస్తోందని ఎవరికీ అర్థం కాలేదు. దుమ్మయి ఉంటుందని బావ తీర్పు చెప్పాడు. ఆ వారంలోనే కూత ఆగిపోయి గర్రుమనే బొంగురు శబ్దం వచ్చింది. బండికి వయసొచ్చి గొంతు మారుతోంది కాబోలని నేను సంతోషించాను. (పరేషాన్ అన్న చెప్పింది గుర్తు రాలేదా అంటే, వచ్చింది. కానీ కళ్లతో చూసిన ప్యాడ్లని నమ్మాలా, చాయ్ తాగేవాడి మాట నమ్మాలా?)

ఇంటర్వ్యూ రోజు అక్క గంజి పెట్టిన చీర కట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలు గుండెలకి హత్తుకుని ఎక్కింది. లింగంపల్లి దాటేవరకూ ప్రార్థన చేసుకుంటూనే ఉంది. గచ్చిబౌలి ఫ్లైఓవరు ఎక్కాం, దిగడం మొదలుపెట్టాం. కింద సిగ్నలు దగ్గర కంపెనీ బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. కాలు వేశాను. మెత్తటి దిండు మీద వేసినట్టు పెడలు కిందికి దిగిపోయింది, బండి మాత్రం నాకేం తెలియదన్నట్టు పోతోంది. గేరు తగ్గించి, రెండు చెప్పులూ రోడ్డుకి రాస్తున్నాను.

"ఆపరా."

"ఆపుతున్నానక్కా."

"ఆపేవాడివి ఆగవేం?"

"కాలి బ్రేకు పడట్లేదు."

"చేతిది పట్టుకో మరి."

"అది పట్టుకోకూడదు. మామయ్య చెప్పాడు."

"మామయ్య ఇక్కడున్నాడా?"

ఇంత నెమ్మదిగా వాదించుకునే సమయం ఉందా అని మీరనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటూ ఉంటాను. బస్సు వెనక రాసిన అక్షరాలు నాలాంటివాడికి కూడా కూడబలుక్కోకుండా చదవడానికి వచ్చేంత దగ్గరయ్యాయి. అప్పుడు నా చంక కిందుగా ఒక చెయ్యి ముందుకొచ్చింది. అక్క చెయ్యి. ఫైలు మా ఇద్దరి మధ్యా నలుగుతోంది. బిగుసుకుపోయిన నా వేళ్లని తీసుకెళ్లి ఆ బ్రేకు మీద వేసి, పైన తన వేళ్లు వేసి, గట్టిగా లాగలేదు, బీపీ చూసేటప్పుడు రబ్బరు బుడ్డిని పిండినట్టు కొంచెం కొంచెంగా నొక్కింది. నేను కళ్లు మూసుకుని మిరపకాయల కోసం ఎదురుచూశాను. బండి వినయంగా వంగి, బస్సుకి మూరెడు దూరంలో ఆగింది.

తోసుకుంటూ పక్కకి తీసుకెళ్లాం. ఎవరూ ఎగరలేదు, ఎవరూ పడలేదు. నాకు ఏమీ అర్థం కాలేదు. వెంటనే ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని లైటు వేసి, చూడక్కా ఇంత లావున్నాయి, మరెందుకు పడలేదు అని వాపోయాను. అక్క చీర సర్దుకుంటూ అడిగింది, నువ్వు రోజూ తొక్కే బ్రేకు ఏ చక్రానిదని. వెనకదన్నాను. చూసింది ఏ చక్రమంది. ముందుదన్నాను. నా మొహంలోకి చూసింది. జ్వరం చూసినట్టే చూసింది.

"కుడికాలు నొప్పని వస్తే ఎడమకాలికి ఎక్స్‌రే తీసి, ఎముక భేషుగ్గా ఉందని ఇంటికి పంపేశావు కదరా."

అప్పుడు వెనక్కి వెళ్లి చూశాను. అక్కడ ప్యాడ్లన్నవి లేవు, వాటి జ్ఞాపకం మాత్రం ఉంది. ఇనుముతో ఇనుము గీసుకుని డిస్కు మీద గ్రామఫోను రికార్డులా గీతలు పడ్డాయి. నేను ఇంకా లెక్క కట్టుకుంటూనే ఉన్నాను. వాడనిది అరగలేదు, అరగలేదు కాబట్టి నా డ్రైవింగు మంచిదనుకున్నాను, ఇందులో తప్పెక్కడుందని. ఇంతలో టైము చూసుకుని అక్క మొహం వాడిపోయింది. రెండో పిలుపు కూడా దారిలోనే పోయేలా ఉంది. ఆటోల వైపు చెయ్యెత్తుతుంటే పక్కన ఒక బండి ఆగింది. హెల్మెట్టు అద్దం పైకి లేచింది. పరేషాన్ అన్న. "ఏం తమ్మి, గరగర షురూ అయిందా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే అక్క ఆ బండెక్కింది. ఎక్కి కూర్చున్నాక మళ్లీ దిగింది. దిగి, వంగి, ఆయన వెనక చక్రంలోకి ఒకసారి తొంగిచూసి, అప్పుడెక్కింది. పరేషాన్ అన్న మొహంలో మొదటిసారి పరేషాన్ చూశాను.

పేరు పిలిచేసరికి అక్క తలుపు దగ్గర ఉందట. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడక్కడ పెద్ద సిస్టరు, కొత్తగా చేరిన పిల్లలకి ఏ కాలో అడిగి ఎక్స్‌రేకి పంపమని నా కథే చెబుతుందట (పేరు చెప్పదు, "మాకు తెలిసినవాడొకడు" అంటుంది).

ఇప్పుడు నాకు సొంత బండి ఉంది. తెల్లాపూర్ వైపు కొత్త కుర్రాళ్లు బండ్లు ఆపుకుని, ప్యాడ్లు ఎన్నాళ్లొస్తాయన్నా అని నన్నే అడుగుతారు. ఎంత తొక్కితే అంత అరుగుతాయి, నెలకోసారి రెండు చక్రాల్లోకీ చూడండి అంటాను. ఇంకేమైనా అడిగితే నాకూ అయోమయమే. ఒక్కోసారి వంగి లైటు వేస్తే, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని మురిసిపోతున్న ఆ ఇరవై ఏళ్లవాడు కనిపిస్తాడు. ఆ లైటు కొంచెం వెనక్కి తిప్పరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు, వాడికి అన్నీ తెలుసు. ఈ రోజుకీ దిగుడులో ముందు బ్రేకు మీద వేళ్లు వేయగానే మామయ్య చెవిలో అరుస్తాడు, నేను పట్టించుకోను. వేళ్ల మీద ఇంకో చెయ్యి ఉన్నట్టే ఉంటుంది, కొంచెం కొంచెంగా నొక్కుతాను.