బాల్ లేనోన్నే చూసేటోడు మా నాగరాజు

నిన్న పొద్దున హిందూపురంలో నా షాపులో ఒకాయన ఫోన్‌కు డిస్‌ప్లే మారుస్తాండా. గిరి ఫోన్ చేసినాడు. మా టీం గోల్‌కీపర్.

"ఖాదరా, నాగరాజు లేడప్పా" అన్నాడు.

ఏం చెప్తాండాడో బుర్రకెక్కలేదు. సరే అని పెట్టేసినా. స్క్రూలన్నీ బిగించినా. కస్టమర్‌కు ఫోన్ ఇచ్చి, టచ్ పని చేస్తాందా చూసుకో అన్నా.

అప్పుడు కూర్చున్నా.

ధర్మవరంలో మగ్గం కాడ కూర్చున్నోడు అట్లే పక్కకి ఒరిగిపోయినాడంట. హార్ట్ అటాక్. ముప్పై ఎనిమిదేండ్లు.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఈ పోస్ట్ కూడా ఎవరో వేరేవాళ్ళ గురించి రాస్తాండట్ల ఉండాది.

తెలియనోళ్ళకు చెప్తాండా. నాగరాజు పట్టుచీరలు నేసేటోడు. ఆదివారం మాత్రం మా ఫుట్‌బాల్ టీంలో మిడ్‌ఫీల్డర్. నేను రైట్ బ్యాక్, కుడిపక్క డిఫెన్స్.

టీవీలో ఇండియా మ్యాచ్ వస్తే అందరం వాళ్ళింట్లోనే. మేమంతా బాల్ చూస్తాం. వాడు చూడడు. "బాల్ లేనోన్ని చూడండప్పా!" అని ఒకటే అరుపు.

వెనకటికి మన ఇండియా టీం ఆట ఏముండె? 4-4-2. డిఫెన్స్ నుంచి గట్టిగా ఒక తన్ను, ముందున్న ఇద్దరూ దాని వెనక పరుగు. దొరికితే దొరికె, లేకుంటే లేదు.

తర్వాత స్టైల్ మారింది. 4-2-3-1. గోల్‌కీపర్ కాడ్నుంచే చిన్న చిన్న పాస్‌లు. నా మాదిరి పక్కల ఆడే ఫుల్‌బ్యాక్‌లు లైన్ పట్టుకొని పైకి పోతాంటే, మిడ్‌ఫీల్డ్‌లో ఒకడు మాత్రం కిందికి దిగి ఆ ఖాళీ మూస్తాడు.

ఆ ఒకడంటే నాగరాజుకు ప్రాణం.

"కామెంటరీలో వాని పేరే రాదు. వాడు లేకుంటే తెలుస్తాది మనకు" అనేవాడు. మగ్గం చూపించి, "పడుగు కదలకుండా ఉంటేనే కదా పేక అటూ ఇటూ ఆడేది" అని క్లాస్ పీకేవాడు. "చాలు సామీ, మ్యాచ్ చూడనీ" అని దండం పెట్టేవాళ్ళం.

మా టీంలో ఆ పని వానిదే. నాకు బాల్ దొరికితే చాలు, వెనకనుంచి ఒకే మాట.

"ముందుకు పో ఖాదరా. వెనక నేనుండా."

నేను పోయేవాణ్ణి. పెనుకొండ టోర్నమెంట్‌లో గోల్ కొట్టి అందరి భుజాలమీద ఊరేగినా. అప్పుడు వాడు యాడుండాడో నేను చూసిందే లేదు.

ఇప్పుడు ఒక మాట చెప్పాల. మన టీమోళ్ళంతా చదవండి.

హిందూపురం ఫైనల్ గుర్తుండాదా? ఐదేండ్లాయె.

హాఫ్‌టైంలో వాడు నా కాడికొచ్చి, "ఈపొద్దు ఒక్కసారి నేను పైకి పోతాన్రా. నువ్వు ఆగుతావా?" అన్నాడు. సిగ్గుపడతా అడిగినాడు. ఆగుతాలే అన్నా.

వాడు పోయినాడు. అన్నేండ్ల ఆటలో మొదటిసారి.

బాల్ కుడిపక్కకి వస్తాంటే నా కాళ్ళు ఆగలేదు. నేనూ పరుగెత్తినా. బాల్ పోయింది. మేమిద్దరం వదిలేసిన ఖాళీలోనుంచే వాళ్ళు గోల్ కొట్టినారు. కప్పు పోయింది.

అందరూ నాగరాజు మీద పడినారు. "నీకేం పనప్పా ముందుకు పోను?" అని తిట్టినోళ్ళే అందరూ.

ఖాదర్ ఆగుతానన్నాడు అని వాడు చెప్పలేదు. నేనూ గమ్మునుండినా.

అప్పుడు నేనూ ధర్మవరంలోనే ఉండేవాణ్ణి. తిరిగొచ్చే బస్సులో వాడే నా పక్కన కూర్చున్నాడు. ఉడకేసిన చెనక్కాయలు నా చేతిలో పోసి "తిను" అన్నాడు. సిగ్గులేకుండా తిన్నా.

మళ్ళీ ఒక్కసారి కూడా వాడు పైకి పోతానని అడగలేదు.

ఆ గోల్ తప్పు నాదప్పా. నాగరాజుది కాదు. వాడుండంగానే చెప్పాల్సింది. నోరు రాలేదు.

నిన్న వాళ్ళింటికి పోతే మగ్గంమీద చీర సగంలో ఉండాది. ఎవరో నీళ్ళిచ్చినారు, తాగినా. పాడె ఎత్తేటప్పుడు అందరూ ముందుకు తోసుకున్నారు. నేను వెనకవైపు పట్టినా.

ఈ ఆదివారం పెనుకొండలో మ్యాచ్ ఉండాది. నేను రైట్ బ్యాక్ ఆడను. వాని జాగాలో ఆడతా. పైకి ఎవరైనా పోండి.

నాగా, ఇంక నువ్వు తిరిగి తిరిగి వెనక్కి చూసే పని లేదురా. నిమ్మళంగా ఉండు.

వెనక నేనుండా.