తడపని గోడ

ఆ రోజు నేను అబద్ధమాడాను. కొత్త గోడ మీద నీళ్లు పోసిన వాసన తగిలితే ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు మాచర్ల దగ్గర మా ఊళ్లో అందరూ తలా ఒక చెయ్యి వేసి బడి కట్టుకుంటున్నారు. మేస్త్రీ మస్తాన్ మామ కూలి తీసుకోకుండా గోడ లేపాడు. దాన్ని రోజూ తడిపే పని నాది. ఎండితేనే గట్టిపడుతుందనుకుని ఆటలకు పోయాను. గోడ బీటలు వారింది.

"ఏంది మస్తానూ, ఊరికే చేసే పనని ఇట్టా కట్టావా?" అన్నాడు నాన్న, అందరి ముందూ.

"నా పనిలో తేడా లేదన్నా. నీళ్లు పోశాడో లేదో నీ కొడుకునడుగు."

"రోజూ పోశా" అన్నాను.

మామ పని మంచిది కాదన్న మాట పాకి, పక్కూళ్లో ఆయనకు ఇస్తామన్న ఇల్లు కట్టే పని పోయింది. అది తెలిశాక నాన్నకు నిజం చెప్పి, ఆయనతో పక్కూరికి వెళ్లి ఆ ఇంటివాళ్లకూ చెప్పాను. అప్పటికే వేరే మేస్త్రీ పునాది వేస్తున్నాడు.