నువ్వుచేని పురుగుకూ ఒక ప్రార్థన

ప్రార్థన కూడికల్లో వాక్యం చెప్పడానికి భీమవరం నుంచి పుంగనూరు వెళ్లి ఒక విశ్వాసుల ఇంట్లో దిగాను. ఉదయం కాఫీ తాగుతుంటే ఆ ఇంటి కోడలు సునీత పసిబిడ్డను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. వెళ్లి చూస్తే ఉయ్యాల తాడు మీద అరచెయ్యంత రెక్కల పురుగు వాలి ఉంది. దాని వీపు మీద అచ్చం మనిషి పుర్రెలాంటి మచ్చ.

"బిడ్డకేం కీడొస్తాదో! ప్రార్థన సేయండి అయ్యగారూ," అని ఏడ్చింది.

నేనూ దాన్ని దయ్యమనే అనుకున్నాను. చెయ్యి చాపి, యేసు నామంలో దాన్ని గద్దించడం మొదలుపెట్టాను.

ఇంతలో సునీత అత్త రత్నమ్మ వచ్చి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. అది ఎలుకపిల్లలా కీచుమంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"దయ్యం గాదు అయ్యగారూ, నువ్వుసేని పురుగు. కడుపు మింద పసుపు పట్టీలుండాయి, సూడండి. ఈడ్నించి కుప్పం దాకా నువ్వులు యేసిన సోటల్లా ఉంటాది. రెక్కలు రాకముందు ఆకులు తింటాది, మనుషుల జోలికి రాదు."

సునీత కళ్లు తుడుచుకుని నవ్వేసింది.

"మరి మొదలుపెట్టిన ప్రార్థన?" అన్నాను సిగ్గుపడుతూ.

"మా సేనికి సేయండి," అంది రత్నమ్మ.

మా డెల్టాలో పురుగు చావాలనే ప్రార్థిస్తాం. అలాగే చేసి ఆమెన్ అనబోతుంటే రత్నమ్మ అడ్డొచ్చింది.

"దానికీ కొంచెం పెట్టు ప్రభువా, మాకు మాత్రం శానా మిగిలించు."