పేచ్చి చంకనెక్కిన పూట

ఈ పొద్దు కోడలు ఉలవలు వేయిస్తుంటే ఆ వాసన నా గదిదాకా వచ్చింది, ఎప్పటిలాగే లేచి తలుపు వేసుకున్నాను. చిన్నప్పుడు తిరుమంగళం దగ్గరి మా నల్లరేగడి ఊళ్లో, ఆషాఢమాసపు ఆడి గాలికి దుమ్ము లేచి కళ్లు తెరవనివ్వని రోజుల్లో, పేచ్చి పెరట్లో ఉలవలు వేయించి, బెల్లం కలిపి నా ఒళ్లో పోసేది. నేనవి నములుతూ ఆమెతో చింతగింజల వామనగుంటలాడి, ఓడిపోతే గింజలు విసిరికొట్టేదాన్ని, ఆమే ఏరుకొచ్చేది.

పేచ్చి మా ఇంట పుట్టిన బానిస. అమ్మ నన్ను కని పోతే పెంచింది ఆమే. ఆమె కూతురు కన్నమ్మను మాత్రం మా అత్త పెళ్లిలో చీరలతో, బిందెలతో పాటు దిండిగల్ పంపేశారు. అది తప్పని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

బానిసలిక లేరని కుంపణీవాళ్లు దండోరా వేయించారు. తాలూకా అధికారి వచ్చి ఒక్కొక్కరినీ అడుగుతాడన్నారు. ఆ పొద్దున నాకు జడ వేస్తూ పేచ్చి, "కన్నమ్మ కాడికి పోతా పాపా, ఎవురికీ చెప్పొద్దు" అంది. నేను ఏడుస్తూ తిన్నగా పోయి అవ్వకు చెప్పేశాను. అవ్వ కోప్పడలేదు. ఆరేళ్లు నిండి, పాదాలు పేచ్చి మోకాళ్లకు తగిలేంత ఎదిగిన నన్ను, అధికారి వచ్చే వేళకు ఆమె చంకనెక్కించి, "కుత్తిక గట్టిగా పట్టుకో, దిగొద్దు" అంది.

తిన్నె మీద కూర్చున్న అధికారి అడిగాడు: "నీ ఇష్టం. పోతావా, ఉంటావా?" పేచ్చి నా చేతులు విడదీయబోయింది. ఆయన మళ్లీ అడిగాడు.

"ఇక్కడ్నే ఉంటా సామీ" అని, కాగితంలో చూపించిన చోట సంతకంగా గీత గీసింది.

చచ్చేదాకా మాతోనే ఉంది. తల్లి తనంతట తనే ఉండిపోయిందని విన్న కన్నమ్మ ఒక్కసారైనా రాలేదు.

ఇప్పుడు ఆ తిన్నె లేదు, కుంపణీ లేదు, వామనగుంటలాడే ఓపిక పిల్లలకు లేదు. పొమ్మన్నా పేచ్చి మమ్మల్ని విడవలేదని మావాళ్లు మాత్రం ప్రతి పెళ్లిలోనూ గొప్పగా చెప్పుకుంటారు. నేను సిగ్గులేకుండా తల ఊపుతూ కూర్చుంటాను. అధికారి అడిగినంత మాత్రాన విడుదల అయిపోతుందా? తప్పంతా అవ్వ మీదికి నెట్టేసి ఊపిరి పీల్చుకుందామని ఎన్నోసార్లు చూశాను. కానీ అవ్వ చెప్పింది ఒక్కసారే. ఆయన రెండోసారి అడిగేటప్పటికి అవ్వ లోపలికి వెళ్లిపోయింది, నన్నెవరూ చూడటం లేదు. పేచ్చి నా చెవిలో, "దిగు పాపా" అంది.

నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.