బాత్రూంలోంచి ప్రసాదు గొంతు

దయ్యం కథలు చెబితే నవ్వి లేచి వెళ్ళిపోయే రకం నేను. ఉదయగిరిలో సైన్సు టీచర్ని. ఇది రాయడానికి చాలా రోజులు తటపటాయించాను.

మా బోరు నీళ్ళు బాగా ఉప్పన. బకెట్ ఆరితే చుట్టూ తెల్లటి చార కడుతుంది. ఆ సున్నమే గీజరు లోపలా పేరుకుంటుంది కాబట్టి, ఏటా విప్పి కడిగించాలి. ఆ పని ప్రసాదుది. ఆత్మకూరులో నాతో చదువుకున్నాడు, మెకానిక్కు. చలికాలం ముందు బస్సెక్కి వచ్చేవాడు. బాత్రూం తలుపు వేసుకుని గంట సేపు పనిచేసి, గుప్పెడు తెల్ల పెచ్చులు తెచ్చి చూపించేవాడు.

"చూడరా, మీ నీళ్ళు ఎంత పని చేసినాయో!"

నా భార్య సుగుణ వాడికి అన్నం పెట్టి గానీ పంపేది కాదు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో గుండెపోటుతో పోయాడు. శవపెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తర్వాతి జనవరిలో ఒక ఉదయం సుగుణ గీజరు వేసి, కాసేపాగి టవలు తీసుకుని స్నానానికి వెళ్ళబోయింది. నేను హాల్లో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. బాత్రూంలోంచి ప్రసాదు గొంతు, గట్టిగా.

"వదినా, లోపలికి రాబాక!"

సుగుణ గడప దగ్గరే ఆగిపోయి నావైపు చూసింది. అంతలోనే పెద్ద శబ్దం. గీజరు పగిలి, గోడ నుంచి ఊడి, ఆమె రోజూ నిలబడే చోటే పడింది. గది నిండా ఆవిరి.

టీవీ ఆపే ఉంది. పక్కింటికి తాళం. అయినా ఇద్దరం విన్నాం.

మధ్యాహ్నం వేరే మెకానిక్కును పిలిచాను. అతను గీజరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని ఎవురు సర్వీసు చేసేది సార్?"

చెప్పాను.

"ఎవురూ చెయ్యలేదు సార్. బోల్టులు కంపెనీలో బిగించినట్టే ఉండాయి. సేఫ్టీ వాల్వు సున్నంతో రాయి అయిపోయుండాది."

మరి ఆ పెచ్చులు? ఎవరింటి గీజరులోవో సంచిలో వేసుకొచ్చి, ఆరేళ్ళు నా చేతిలో పెట్టాడు. నేను నమ్మాను. ఒళ్ళు మండిపోయింది. తిడదామంటే మనిషి లేడు.

"ఏమైనా నన్ను కాపాడినాడు గదా," అంది సుగుణ.

"చంపబోయింది కూడా వాడే," అన్నాను.

ట్యాంకు ఎందుకు పగిలిందో పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. ఆ గొంతు సంగతి ఇప్పటికీ నాకు తెలియదు.

ఏడాది తిరిగాక ప్రసాదు జ్ఞాపకార్థ కూటానికి రమ్మని వాళ్ళావిడ ఫోన్ చేసింది. వస్తానన్నాను. సుగుణ ఒక్కతే వెళ్ళింది.