నూనె లేని చేతులు

మా ఇంటి షోకేసులో ఒక గాజు పక్షి ఉంది. విదేశీ చిత్రోత్సవంలో నా డాక్యుమెంటరీకి వచ్చిన అవార్డు. ఒంటిచేత్తో ఎత్తొచ్చు. అయినా ఎనిమిదేళ్లుగా దాన్ని మోయలేక చస్తున్నాను. ఎందుకో నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల్లో కూలికి వెళ్లే ఆడవాళ్ల మీద తీశాను ఆ సినిమా. కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి పోయేముందు తొడిమలు తుంచడం వాళ్ల పని. తుంచగానే సొన చిమ్ముతుంది. తగిలితే చర్మం కాలుతుంది. అందుకే పొద్దున్నే వరుసగా కూర్చుని ఒకరి చేతులకు ఒకరు కొబ్బరినూనె పట్టిస్తారు. అప్పుడు వాళ్లు చేసే ఎగతాళికి మేస్త్రీ కూడా చెట్ల చాటుకు పోవాల్సిందే. అంత మంచి దృశ్యం నేను మళ్లీ తీయలేదు. దాన్నే ఎడిటింగులో తీసిపారేశాను.

ఎందుకు? విదేశీ జడ్జీలకు మన నవ్వు ఎక్కదు, ఏడుపే ఎక్కుతుందని నా తెలివి. ఎవరైనా అలా చెప్పారా? ఒక్కరూ చెప్పలేదు.

నా తప్పు అదొక్కటే అయినా బాగుండేది. ఆ కూలీల్లో పెద్దామె మునెమ్మ. తన సద్దిలో సగం నాకు పెట్టిన మనిషి. షూటింగప్పుడే ఆమెను పక్కకు పిలిచి, రెండు రోజులు చేతులకు నూనె పూసుకోవద్దన్నాను.

"ఎందుకు నాయనా? సొన తగిలితే బొబ్బలెక్కుతాయి గదా."

"రెండు దినాలేక్కా. ఫారిన్ వాళ్లు సూడల్ల. అవార్డు వస్తే మీ కష్టం లోకానికంతా తెలుస్తాది."

"నూనె పూసుకున్న సేతులకి ఇయ్యరా వాళ్లు అవార్డు?"

నవ్వేసి కెమెరా సర్దుకున్నాను. ఆమె నా మాట కాదనలేక ఒట్టి చేతులతో కూర్చుంది. రెండోరోజు సాయంత్రానికి వేళ్లు పొంగి తోలు ఊడింది. కెమెరా ఇంకా దగ్గరకు జరిపాను. అవును, జరిపాను.

జడ్జీలు ఆ చేతుల గురించే మాట్లాడారు. అవార్డు వచ్చాక తిరుపతిలో మనవాళ్లు నాకు శాలువా కప్పారు. మన సినిమాకు విదేశీ గుర్తింపు కావాలా అని ఎవరడిగినా, కావాలని గొంతు చించుకున్నాను.

మరుసటి ఏడాది మునెమ్మ ఫోన్ చేసింది. రేషన్ షాపు మిషన్లో తన వేలిముద్ర పడటం లేదట. వయసు వల్ల అన్నాను. నమ్మింది. సిగ్గు లేకుండా ఫోన్ పెట్టేసి భోంచేశాను.

సినిమాలు బయటికి పంపడం తప్పని ఇప్పటికీ అనను. పంపాలి, లోకమంతా చూడాలి. కానీ నేను, వాళ్లకు నచ్చుతుందనుకుని ఒక పుండును తయారుచేసి పంపాను. అది మన సినిమా ఎలా అవుతుంది?

నిన్న చిత్రోత్సవం వాళ్లకు జరిగిందంతా రాశాను. పక్షిని వెనక్కి పంపేస్తున్నాను. నూనె దృశ్యాన్ని మళ్లీ అతికించాను, మునెమ్మ ఒప్పుకుంటేనే ఎక్కడైనా వేస్తాను. ఇదంతా సులువు. కష్టమంతా రేపే. రేపు పొద్దున బస్సెక్కి వెళ్లి ఆమె ఎదుట కూర్చుంటాను. తిడుతుందో, తలుపేసుకుంటుందో ఆమె ఇష్టం. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఒక్క మాట చెప్పి వస్తాను.

వయసు వల్ల కాదక్కా. నావల్ల.